రీలొకేట్ అంటే ‘పునఃస్థాపించు’ అట: ఒక డిక్షనరీ యాప్ మీద నా రివ్యూ

ఈ యాప్ నా ఫోన్‌లో ఏడాదిన్నర నుంచి ఉంది. ఇంగ్లీష్ నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి రెండు వైపులా చూసుకోవచ్చు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, అందుకే వేసుకున్నా. పేరు చెప్పట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గోల ఈ ఒక్కదానిదే కాదు, ఇదే రకం యాప్స్ ఇంకో మూడు వేసి చూశా, అన్నీ ఒకే తానులో ముక్కలు. అయిదుకి రెండున్నర ఇస్తున్నా. ఆ రెండున్నర ఎందుకిచ్చానో, మిగతా రెండున్నర ఎక్కడ కోశానో, మొత్తం ఒక్క మాట మీదే చెప్తా. రీలొకేట్.

నేను చిన్న చిన్న అనువాదాలు చేస్తుంటా, ఫారాలు, సర్క్యులర్లు, ట్రైనింగ్ పుస్తకాలు అలాంటివి. గొప్ప సాహిత్యం ఏమీ కాదు కానీ రోజుకి పాతిక ముప్పై సార్లు డిక్షనరీ తెరవాల్సొస్తుంది. ఒకరోజు మా తమ్ముడు ఉద్యోగానికి ఏదో ఫారం నింపుతూ నాకు పంపాడు, అందులో ఒక ప్రశ్న, రీలొకేట్ అవడానికి సిద్ధమేనా, అవును లేదా కాదు టిక్ పెట్టండి అని. పక్కన అమ్మ కూర్చుని ఉంది. "రీలొకేట్ అంటే ఏంటే?" అంది. నాకు తెలుసు కానీ చేతిలో యాప్ ఉంది కదా అని స్టైల్‌గా కొట్టి చూపించా. స్క్రీన్ మీద వచ్చింది: పునఃస్థాపించు. కింద ఇంకో మాట కూడా లేదు, ఉదాహరణ లేదు, అంతే.

అమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివి "పునఃస్థాపించడానికి వాడేమన్నా గుళ్ళో విగ్రహమా?" అంది. ఆ తర్వాత తనే "వేరే ఊరెళ్ళి ఉంటావా అని అడుగుతున్నాడు, అంతేగా" అని లేచి వెళ్ళిపోయింది. డిక్షనరీ లేకుండా, ఇంగ్లీష్ రాకుండా, చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టి చెప్పేసింది. అక్కడి నుంచి నాకు ఈ యాప్‌ని ఈ ఒక్క మాటతో టెస్ట్ చేద్దామనే పిచ్చి పట్టింది.

నిజం చెప్పాలంటే పునఃస్థాపించు అనేది ముక్కలు ముక్కలుగా చూస్తే తప్పు కాదు. లాటిన్‌లో లోకస్ అంటే చోటు, దాంట్లోంచి లొకేట్, అంటే ఒకచోట పెట్టడం, ముందు రీ తగిలిస్తే మళ్ళీ పెట్టడం. పునః అంటే మళ్ళీ, స్థాపించు అంటే పెట్టు. లెక్క సరిపోయింది, ప్రాణం పోయింది. ఆ మాట వినగానే తెలుగువాడికి గుర్తొచ్చేది సంస్థో విగ్రహమో రాజ్యమో, అంతేగానీ బట్టల సంచీ, పిల్లల స్కూల్ టీసీ, గ్యాస్ కనెక్షన్ ట్రాన్స్‌ఫర్ కాదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇంగ్లీష్‌లో రీలొకేట్ అనే మాట రెండు వైపులా పనిచేస్తుంది. కంపెనీ ఉద్యోగిని రీలొకేట్ చేయొచ్చు, ఉద్యోగి తనంతట తను రీలొకేట్ అవ్వొచ్చు, మాట ఒకటే. మనకి అలా కుదరదు. మారు వేరు, మార్చు వేరు. తరలు వేరు, తరలించు వేరు. మనం నోరు తెరవగానే ముందు తేల్చుకోవాల్సింది, వాడు వెళ్తున్నాడా, వాణ్ణి పంపిస్తున్నారా అని. యాప్‌లో ఉన్నది ఒక్క ‘ఇంచు’ రూపమే, అంటే పంపించేవాడి వైపు నుంచి మాత్రమే అర్థం ఉంది. మా తమ్ముడి ఫారంలో ప్రశ్న వెళ్ళేవాడి వైపు నుంచి. అందుకే అమ్మకి విగ్రహం కనిపించింది.

సరే, రీలొకేట్ పెద్ద మాట, ఆఫీసు మాట, వదిలేద్దాం, మూవ్ అని కొట్టా. కదులు, కదల్చు, చలించు, కదిలించు, ప్రతిపాదించు. ఈసారి చాలా ఉన్నాయి, ఒక్కటీ ఇల్లు మారడం కాదు. ఈ యాప్‌లో వాక్యం మొత్తం అనువాదం చేసే బటన్ కూడా ఒకటుంది, మైక్ పక్కన. వచ్చే వారం మేం ఇల్లు మారుతున్నాం అనే అర్థం వచ్చే మామూలు ఇంగ్లీష్ వాక్యం పెట్టా. "మేము వచ్చే వారం కదులుతున్నాము" అని ఇచ్చింది. ఇప్పటిదాకా ఏమైనా రాళ్ళలా కూర్చున్నామా? తర్వాత ఆ మాటలు విని మనసు కరిగింది అనే అర్థం వచ్చే వాక్యం పెడితే "నన్ను తరలించారు" అంది. రెండూ తారుమారు చేసి చెప్పుంటే రెండూ దాదాపు సరిపోయేవి, అదీ విచిత్రం.

ఇక షిఫ్ట్. జనం నిజంగా వాడే మాట ఇదే, ఇందులో దాపరికం ఏముంది, ఇల్లు షిఫ్ట్ అయ్యాం, ఆఫీసు షిఫ్ట్ చేశారు, సామాన్లు షిఫ్టింగ్‌లో పోయాయి. తెలుగులో ఈ మాట ఎంత కలిసిపోయిందంటే షిఫ్టయ్యాం, షిఫ్టవుదాం, షిఫ్టవ్వకముందు అని మన క్రియలాగే నడుస్తుంది. తెలుగు వైపు పెట్టెలో షిఫ్టయ్యాం అని టైప్ చేస్తే "ఫలితాలు లేవు". ఇంగ్లీష్ వైపు షిఫ్ట్ అని కొడితే మార్పు, పని వేళ, వంతు. పని వేళ సరే, నైట్ షిఫ్ట్ అంటాం కదా. కానీ ఇల్లు మారడం అనే అర్థం లేదు. ఇండియాలో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు కూడా ఇల్లు మారడానికి షిఫ్టింగ్ అనే అంటారు, వేరే దేశాల్లో మూవింగ్ అంటారు, ఆ తేడా ఈ యాప్ తయారుచేసినవాళ్ళకి తట్టలేదు.

ఇక్కడ కొంచెం పక్కకెళ్తా. కీబోర్డ్ మీద షిఫ్ట్ బటన్‌కి ఆ పేరెందుకొచ్చిందో తెలుసా? పాత టైప్‌రైటర్లో నిజంగానే ఏదో ఒకటి పక్కకి జరిగేది, అందుకు. 1878లో వచ్చిన రెమింగ్టన్ నంబర్ 2 మిషన్‌తో చిన్నక్షరాలు పెద్దక్షరాలు రెండూ కొట్టే వీలొచ్చింది, ఒకే కడ్డీ మీద రెండక్షరాలు, బటన్ నొక్కితే కాగితం ఉన్న భాగం జరిగి రెండో అక్షరం పడేది. అంటే మన ఫోన్‌లో పైకి బాణం గుర్తున్న బటన్ కూడా ఒకప్పుడు ఇల్లు మారిన బాపతే. మా బావ కంప్యూటర్లలో పనిచేస్తాడు, ఇది చెప్తే ఆయన ఇంకోటి చెప్పాడు, ప్రోగ్రామ్‌ని మెమరీలో ఒకచోటు నుంచి ఇంకోచోట పెడితే లోపల రాసుకున్న అడ్రసులన్నీ సరిచేయాలి, దాన్నే రీలొకేషన్ అంటారని. "ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవడం లాంటిదే" అన్నాడు. బావకి ఉపమానాలు బాగా వస్తాయి, అడక్కపోయినా వస్తాయి.

యాప్ సంగతికొద్దాం. నేను అసలు ఎక్కడ కోప్పడ్డానంటే తెలుగు వైపు. ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్ళి ఉండటానికి మనకెన్ని మాటలున్నాయో కాగితం మీద రాసుకుంటూ పోయా. ఇల్లు మారడం, మకాం మార్చడం, కాపురం మార్చడం, బదిలీ, తరలడం, వలస, సెటిలవడం, ఖాళీ చేయడం, బిచాణా ఎత్తేయడం, చెక్కేయడం. వీటిలో ఏ రెండూ ఒకటి కాదు. ఎందుకు వెళ్ళాడు, ఎవరు వెళ్ళమన్నారు, మళ్ళీ వస్తాడా రాడా, ఈ మూడింటి మీదే మాట మారిపోతుంది. యాప్‌లో ఒక్కోటి కొట్టుకుంటూ వెళ్ళా, సగానికి పైగా ఒకటే జవాబు: షిఫ్ట్, మూవ్, మైగ్రేట్. అన్నిటికీ ఒకే గాటన కట్టేసింది.

మకాం చూడండి. అరబిక్‌లో మకామ్ అంటే నిలబడ్డ చోటు, పారసీ ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చింది, వాళ్ళ సంగీతంలో రాగాల్లాంటి వాటిక్కూడా ఇదే పేరు. మనకి మాత్రం దారిలో దిగిన చోటు, బస, విడిది. అందుకే మకాం మార్చాడు అంటే అందులో కొంచెం తాత్కాలికం ఉంటుంది, ఇక్కడ కూడా ఎక్కువ రోజులుండడులే అన్న వాసన. మకాం వేశాడు అంటే ఇంకా వేరే. "మా మరిది పది రోజుల నుంచి ఇక్కడే మకాం వేశాడు" అన్న ఆడమనిషి గొంతులో విసుగు మీకు వినపడట్లేదా? ఆ విసుగు మాటలోనే ఉంది, గొంతులో కాదు. యాప్ చెప్పిన అర్థం: నివాసము. ఆ మరిది చదివితే సంతోషపడతాడు.

పైగా మకాం అని కొడితే మొదట రాలేదు, మకాము అని సున్నా తీసేసి ము పెట్టి కొడితే వచ్చింది. పాత నిఘంటువుల్లో మాటలన్నీ ముతో ఉంటాయి, కాపురము, మకాము, ప్రయాణము, ఆ డేటా అలాగే తెచ్చి ఇందులో పోసేశారు, పోసినవాడు సెర్చ్‌లో రెండూ ఒకటేనని ఒక్క లైన్ రాసుకోలేదు. ఈ కాలంలో ఎవరు ము అని టైప్ చేస్తారు? స్కూలు పిల్లలు యాప్ వేసుకుని కాపురం అని కొట్టి, ఈ మాట తెలుగులో లేదేమో అనుకుంటే ఎవరి తప్పు?

బదిలీ దగ్గర మాత్రం మార్కులు వేస్తా, ట్రాన్స్‌ఫర్ అని చక్కగా ఇచ్చింది, ఉదాహరణ కూడా ఉంది, అధికారిని బదిలీ చేశారు అని. ఆ మాట కూడా అరబిక్ బదల్ నుంచే, ఒకదానికి ఇంకోటి మార్చడం. మనం బదులు అంటున్నదీ ఆ కుటుంబమే. నాన్నది బదిలీల ఉద్యోగం, చిన్నప్పుడు మాకు ఆ మాటంటే స్కూలు మధ్యలో ఆపేయడం, కొత్త క్లాసులో చివరి బెంచీ. మా ఇంట్లో ఎప్పుడూ ఇల్లు మారుతున్నాం అనలేదు, "నాన్నకి బదిలీ అయింది" అనే అన్నారు, మేమేదో ఆయన వెనక సామాన్లమన్నట్టు. బదిలీ అయింది, చూడండి ఎలా ఉందో, ఎవరు చేశారో లేదు, ఏదో వానలా అయింది. మాట వాడకంలోనే మన చేతిలో లేదు అని ఒప్పేసుకున్నాం. ఇది ఏ డిక్షనరీ రాస్తుంది చెప్పండి, రాయదు, కానీ మంచి ఉదాహరణ వాక్యం ఒకటిస్తే చదివేవాడికి అర్థమైపోతుంది. ఈ ఒక్క మాటకి యాప్ అది ఇచ్చింది. అర స్టార్ దానికే.

తరలించు గురించి చెప్పి తీరాలి. ఫోన్ భాష తెలుగులో పెట్టుకుంటే ఫైల్‌నో మెయిల్‌నో ఒకచోట నుంచి ఇంకోచోట పెట్టే బటన్ మీద తరలించు అనే కనిపిస్తుంది, నాకు దాన్ని నొక్కినప్పుడల్లా పోలీస్ జీపు కనిపిస్తుంది. వార్తల్లో ఆ మాట ఎక్కడొస్తుంది? గాయపడ్డవాళ్ళని ఆసుపత్రికి తరలించారు, నిందితుణ్ణి జైలుకి తరలించారు, అక్రమంగా తరలిస్తున్న ఇసుక పట్టుకున్నారు. తరలించబడేది ఎప్పుడూ నోరులేనిదో, నోరెత్తలేనివాడో. అదే ఇంచు తీసేయండి, జనం తరలివచ్చారు, పెళ్ళివారు తరలివెళ్ళారు, ఎంత కళగా ఉందో. చిన్న ఇంచు ముక్క మనిషి చేతిలోంచి పగ్గం లాగేసుకుంది. యాప్‌లో ఈ రెండూ ఒకే పేజీలో ఒకే అర్థంతో ఉన్నాయి.

మారు కూడా అంతే. రీలొకేట్‌కి సింపుల్‌గా మారు అని పెడితే చాలు కదా అని మా తమ్ముడు వాదించాడు. చాలదు రా నాయనా. ఇల్లు మారాడు అంటే ఇల్లే, ఊరు మారాడు అంటే ఊరే, ఏమీ లేకుండా వాడు మారాడు అంటే తాగుడు మానేశాడనో, డబ్బొచ్చాక పలకరించట్లేదనో. ముందు ఇల్లో ఊరో తగిలించకపోతే మనిషి స్వభావం మీదకెళ్ళిపోతుంది. అమ్మ చెప్పింది కూడా అదే కదా, వేరే ఊరెళ్ళి ఉండటం. తెలుగులో ఇది ఒక మాట కాదు, మూడు మాటలు, అలాగే ఉండనివ్వాలి. ఒక మాటకి ఒకే మాట ఇవ్వాలన్న పంతం డిక్షనరీలకెందుకో నాకర్థం కాదు.

ఇప్పుడు వలస. ఈ మాట కోసం నేను యాప్ మూసేసి పాత నిఘంటువుల్లోకి వెళ్ళా. నెట్‌లో ఆంధ్రభారతిలో బోలెడు నిఘంటువులు ఒకేసారి వెతుక్కోవచ్చు, తెలియనివాళ్ళుంటే తప్పకుండా చూడండి. చికాగో యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో బ్రౌన్ నిఘంటువు 1903 ఎడిషన్, గ్విన్ 1991లో తెచ్చింది, రెండూ ఉన్నాయి, యాడ్స్ లేవు. బ్రౌన్ వలసకి చెప్పిన అర్థంలో శత్రు సైన్యం భయం ఉంది, ఆ భయానికి ఇల్లు వదిలి పారిపోవడం. నేను చదివి కాసేపు అలా ఉండిపోయా. అంటే ఒకప్పుడు వలస అనేది మెరుగైన జీతం కోసం కాదు, వెనక ఎవరో తరుముకొస్తుంటే. ఇప్పుడు వలస కూలీలు అంటున్నాం, వెనక సైన్యం లేదు, కానీ ఆ మాటలో తరిమేదేదో ఇంకా ఉంది, అందుకే మంచి ప్యాకేజీతో విదేశాలకెళ్ళిన ఇంజినీర్‌ని వాళ్ళ అమ్మానాన్న "మావాడు వలసెళ్ళాడు" అని ఛస్తే అనరు. సెటిలయ్యాడు అంటారు. వలస అంటే పేదవాడు, సెటిల్ అంటే ఉన్నవాడు, విమానం ఒకటే అయినా సరే.

ఇంకా తమాషా ఏంటంటే పెద్ద పెద్ద సామ్రాజ్యాలు వచ్చి మన నెత్తిమీద కూర్చుంటే దాన్నీ వలస పాలన అన్నాం. వలస పక్షులు, వలస కూలీలు, వలస పాలకులు. పక్షికీ కూలీకీ పాలకుడికీ ఒకే మాట. ఎన్నికల ముందు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీలోకి దూకేవాళ్ళకీ వలసలే, అక్కడ మాత్రం ఏ సైన్యం తరుముతోందో అందరికీ తెలుసు. యాప్‌లో వలస అని కొడితే మైగ్రేషన్, అంతే, కాలనీ అన్న అర్థమే లేదు. నేను ఒక పాఠం అనువాదంలో వలస రాజ్యం అన్న మాటకి కరెక్ట్ ఇంగ్లీష్ కావాల్సి దీన్ని నమ్ముకుని ఉంటే పిల్లలకి మైగ్రేషన్ రాజ్యం అని వెళ్ళేది, ఇంకా నయం చూసుకున్నా.

కాందిశీకుడు అన్న మాట ఎప్పుడైనా విన్నారా, పాత పేపర్లలో ఉండేది, ఇప్పుడు శరణార్థి అంటున్నారు. సంస్కృతంలో కాం దిశం, అంటే ఏ దిక్కు, ఏ దిక్కుకి పోను అని అనుకుంటూ పారిపోయేవాడు కాందిశీకుడు. ఒక ప్రశ్నే మనిషి పేరైపోయింది. నాకు ఈ మొత్తం వెతుకులాటలో దొరికిన వాటిలో ఇదే పదిలంగా దాచుకోదగ్గది, యాప్‌లో ఈ మాట ఉంది కూడా, రెఫ్యూజీ అని అర్థం కరెక్ట్‌గానే ఇచ్చారు, మెచ్చుకోవాలి.

బిచాణా మాత్రం లేదు. హిందీలో బిఛానా అంటే పడక, పరుపు. పరుపు చుట్టేశాడంటే మనిషి వెళ్ళిపోయాడనేగా, దాన్ని మనం ఇంకో మెట్టు ముందుకి తీసుకెళ్ళి, చీటీల డబ్బుతో రాత్రికి రాత్రి మాయమైనవాడికి బిచాణా ఎత్తేశాడు అని తగిలించాం. మకాం ఎత్తేశాడు అన్నా దాదాపు అదే. సరిగ్గా ఇలాంటిదే ఇంగ్లీష్‌లో డీక్యాంప్, అదీ గుడారం పీకేయడమే, అదీ చివరికి చెప్పాపెట్టకుండా పోవడంగానే మారింది. రెండు భాషలూ వేరువేరుగా అదే అనుమానానికొచ్చాయి, సామాను తొందరగా సర్దినవాణ్ణి నమ్మొద్దని. యాప్‌లో డీక్యాంప్ కొడితే ఏమొచ్చిందో తెలుసా, "లేచిపోవు". ఎప్పటి నిఘంటువులోంచి తెచ్చారో, ఒకప్పుడు లేచిపోవడం అంటే ఊరు వదిలి పోవడమే అయ్యుండొచ్చు, ఇప్పుడు ఆ మాటకి ఒకే అర్థం, ఇద్దరు కావాలి. క్యాషియర్ డబ్బుతో లేచిపోయాడు అని రాస్తే ఎవరితో అని అడుగుతారు.

చిన్న చిన్నవి గబగబా. ఉచ్చారణ వినిపించే బటన్ ఇంగ్లీష్ మాటలకి బాగుంది, తెలుగుకి బాలేదు, ళ, ల రెండూ ఒకటే చేసేస్తుంది, కళ కల అయిపోయింది. ఫుల్ స్క్రీన్ యాడ్ ప్రతి నాలుగో మాటకీ వస్తుంది, డబ్బు కడితే పోతాయి, నేను కట్టలేదు. రోజుకో మాట నోటిఫికేషన్ బానే ఉంటుంది కానీ వరసగా రెండు రోజులు ఒకే మాట వచ్చింది. వెతికిన మాటల హిస్టరీ దాచిపెడుతుంది, అది నాకు నిజంగా పనికొచ్చింది, ఈ రివ్యూ దాన్ని చూసే రాస్తున్నా. నెట్ లేకుండా స్పీడ్ సూపర్, పాత ఫోన్‌లో కూడా ఆగకుండా నడుస్తుంది. ఆ స్పీడ్‌కి ఒక స్టార్, హిస్టరీకి ఒకటి, బదిలీకి అర. లెక్క అదీ.

యాప్‌లోనే సూచనలు పంపే పెట్టె ఉంటే ఓపిగ్గా రాశా, రీలొకేట్‌కి వేరే చోటికి వెళ్ళి ఉండు, మకాం మార్చు, ఇల్లు మారు అని మూడూ పెట్టండి, పక్కన ఒక్కో వాక్యం ఇవ్వండి, ఎవరు ఎవర్ని పంపిస్తున్నారో తెలిసేలా, అని. నాలుగు రోజులకి జవాబొచ్చింది, మీ విలువైన సూచనకి ధన్యవాదాలు అని. రెండు నెలలకి అప్‌డేట్ వచ్చింది, ఆత్రంగా తెరిచి చూశా. ఇప్పుడు ఇలా ఉంది: పునఃస్థాపించు, స్థానభ్రంశము చేయు. స్థానభ్రంశం! ముందు విగ్రహం, ఇప్పుడు భూకంపం. నేను రాసింది చదివినవాడు మనిషో మిషనో కానీ చోటు అన్న మాట ఒక్కటి పట్టుకున్నట్టున్నాడు.

ఎవరికి పనికొస్తుంది అంటారా, ఇంగ్లీష్ మాట స్పెల్లింగ్ చూసుకోవడానికి, వస్తువుల పేర్లకి, పరీక్షలకి చదివే పిల్లలకి త్వరగా ఒక అర్థం కావాలంటే పర్లేదు. బల్లకి, కుర్చీకి, కప్పకి బానే చెప్తుంది. మనిషి చేసే పనులకొచ్చేసరికే చేతులెత్తేస్తుంది. అనువాదం చేసేవాళ్ళు దీని మీదే ఆధారపడొద్దు, ఆంధ్రభారతి ఒక ట్యాబ్‌లో తెరిచి పెట్టుకోండి, అక్కడ తప్పో ఒప్పో నాలుగు నిఘంటువులు నాలుగు రకాలుగా చెప్తాయి, మీరే తేల్చుకోవచ్చు. ఆ సౌకర్యం ఫోన్ యాప్‌లో ఎవరన్నా పెడితే నేను అయిదుకి అయిదిచ్చి పక్కింటివాళ్ళ ఫోన్‌లో కూడా నేనే వేస్తా.

మా తమ్ముడు ఆ ఫారంలో అవును అనే టిక్ పెట్టాడు, ఉద్యోగం వచ్చింది, పోయిన నెల వెళ్ళాడు. దిగగానే వాడు గ్రూప్‌లో రూమ్ ఫోటో పెట్టాడు, మంచం, బకెట్, ఇంకా విప్పని రెండు పెట్టెలు. అందరం కంగ్రాట్స్ పెట్టాం. అమ్మకి టైపింగ్ రాదు, వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఏరా, పునఃస్థాపించారా? తిన్నావా?"